కోరింగకు పిల్లల్ని తీసుకెళ్లాలంటే ముందు పోటు–పాటు చూసుకోండి

మేడమ్‌గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు కోనసీమలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతున్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు అరవై మందిని ఒక రోజు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల అభయారణ్యానికి తీసుకెళ్లాలనుకుంటున్నారు. కిందటేడు పక్క స్కూలు వాళ్లు వెళ్లి "బురద తప్ప ఏమీ కనపడలేదు" అని తిరిగొచ్చారట. మీది అలా పిక్నిక్‌గా మిగిలిపోకుండా ఎప్పుడు వెళ్లాలి, ఏం చూపించాలి, బావురు పిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) కనిపిస్తుందా, పిల్లలతో మడ మొక్కలు నాటించవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి లోపు వెళ్లండి. తేదీ మాత్రం పోటు–పాటు పట్టిక, అంటే సముద్రపు నీరు ఎప్పుడు ఎక్కుతుందో (పోటు), ఎప్పుడు దిగుతుందో (పాటు) చెప్పే పట్టిక, చూశాకే ఖాయం చేయండి. పాటు బాగా తీసిన వేళకి పిల్లలు మడ అడవిలో చెక్క వంతెన మీద ఉండాలి. పోటు ఎక్కుతున్న వేళకి కాకినాడలో కుంభాభిషేకం రేవు వైపు పక్షుల దగ్గర ఉండాలి. బావురు పిల్లి పగటిపూట అరవై మంది పిల్లలకు కనపడదు, ఆ ఆశ ముందే తీసేయండి. మొక్కలు నాటే కార్యక్రమం ఈసారికి వద్దు. ఎందుకో కింద చెబుతాను. ఇక ఆ స్కూలు వాళ్లకు "తప్ప ఏమీ లేదు" అనిపించిన బురద ఉంది చూశారూ, మీరు చూపించాల్సింది దాన్నే.

నేను చాలా ఏళ్లు ఈ కాకినాడ అఖాతం చుట్టుపక్కల స్కూళ్లలో జీవశాస్త్రం చెప్పాను, ఎకో క్లబ్ చూశాను, ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే పిల్లలతో వెళ్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పోటు–పాటు ఎందుకంత ముఖ్యం

మామూలుగా ఏం జరుగుతుందంటే, పొద్దున్న తొమ్మిదికి బస్సు బయల్దేరి పదిన్నరకు చేరుతుంది. ఆ వేళకి పోటు మీద ఉందనుకోండి, వంతెన కింద అంతా గోధుమ రంగు నీళ్లే. పీతలు కన్నాల్లో ఉంటాయి, వేళ్లు మునిగిపోయి ఉంటాయి. పిల్లలు చూసేదేమిటి? నీళ్లలో చెట్లు. అదే చోటికి పాటు వేళ వస్తే కింద నేలంతా కదులుతూ కనిపిస్తుంది.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి అటూ ఇటూ ఉన్న రోజుల్లో కదలిక తక్కువ. కాబట్టి అమావాస్య గానీ పౌర్ణమి గానీ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో పెట్టుకుంటే బురద ఎక్కువ బయటపడుతుంది. సరైన గంటలు కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ సంస్థ) వెబ్‌సైట్‌లో పోటు అంచనాలు ఇస్తారు, కాకినాడ రేవుకి చూసుకోండి. మడ అడవి లోపలి కాలువల్లోకి నీరు చేరేసరికి రేవు సమయం కన్నా కొంచెం ఆలస్యమవుతుంది, ఆ తేడా లెక్కలో పెట్టుకోండి.

ఈ పట్టిక పిల్లల చేతే చూపించండి. మీ క్లాసులో మత్స్యకారుల పిల్లలు ఉండే ఉంటారు. తిథి చెబితే చాలు, పడవ ఎప్పుడు తీయాలో వాళ్ల ఇంట్లో నోటిలెక్కగా చెప్పేస్తారు. మార్కుల్లో వెనకబడిన పిల్లవాడు ఆ రోజు క్లాసుకి మాస్టారు అవుతాడు. అది చూసి తీరాల్సిందే. ఓసారి గాడేరు పాయ దగ్గర ఆలస్యంగా దిగితే పడవ నడిపే ఆయన, "పాటు తీసేసిందండి, ఇప్పుడు దింపితే మధ్యలో కూచుంటాం, ఆయ్" అని తేల్చేశాడు. పుస్తకంలో ఆటుపోట్ల బొమ్మ ఎన్నిసార్లు గీసినా రాని అవగాహన ఆ ఒక్క మాటతో పిల్లలకు వచ్చింది.

అన్నట్టు, చొల్లంగి అమావాస్య నాడు మాత్రం పెట్టుకోకండి. పుష్య బహుళ అమావాస్య, సప్తసాగర యాత్ర (గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే యాత్ర) మొదలయ్యే రోజు, స్నానాలకు జనం విపరీతంగా వస్తారు, బస్సు కదలదు. కానీ ఆ ముందు వారం క్లాసులో మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సందర్భం లేదు. నది సముద్రంలో కలిసే చోటు పిల్లల అమ్మమ్మలకు ముందే తెలుసు.

బురద దగ్గర ఏం చేయించాలి

పిల్లల్ని వంతెన మొదట్లోనే ఆపి, ముందు వాసన అడగండి. కుళ్లిన గుడ్డు వాసన అంటారు, ముక్కులు మూసుకుంటారు, నవ్వుతారు. నవ్వనివ్వండి. అది హైడ్రోజన్ సల్ఫైడ్. బురద పైపొర గోధుమ రంగులో ఉంటుంది. పీత తోడిపోసిన మట్టి కొంచెం పక్కనే నల్లగా కనిపిస్తుంది, అది లోపలి మట్టి. అందులో ఆక్సిజన్ లేదు, అందుకే అక్కడ బతికే బాక్టీరియాలు వేరు, అవి వదిలే వాయువు వేరు. ఇప్పుడు అడగండి: గాలి లేని మట్టిలో చెట్టు వేరు ఊపిరి ఎలా తీసుకుంటుంది? జవాబు వాళ్ల కాళ్ల కిందే ఉంటుంది. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడ్డ శ్వాసవేళ్లు. ఉప్పు పొన్న చెట్టు దగ్గర వేరే ఏర్పాటు, కాండం నుంచి వంగి దిగిన ఊతవేళ్లు. రెండూ పక్కపక్కన ఉన్న చోట ఆపి బొమ్మ గీయించండి. ఫోటో తీయనివ్వకండి, గీయించండి. గీసేవాడు వేళ్లు ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో చూడక తప్పదు.

తర్వాత ఉప్పు. తెల్ల మడ ఆకుని కోయకుండా, కొమ్మ మీదే ఉండగా వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడమనండి. ఎండ బాగా కాసిన రోజైతే ఆకు మీద సన్నటి తెల్లటి పలుకులు మెరుస్తాయి. వేలితో రాసి నాలుక కొసకి తాకిస్తే ఉప్పు. ముందు రాత్రి వాన పడినా, మంచు బాగా కురిసినా కడిగేసుకుపోతుంది, అప్పుడు కనపడకపోతే కంగారు పడకండి. ఉప్పు పొన్న ఆకు మీద ఈ పలుకులు ఉండవు, అది ఉప్పుని చాలావరకు వేరు దగ్గరే అడ్డుకుంటుంది. ఒకే ఉప్పునీళ్లు, రెండు చెట్లు, రెండు దారులు. అనుకూలనాలు అనే పాఠం ఇక్కడ పావుగంటలో అయిపోతుంది.

ఒక్క హెచ్చరిక: నాలుకకి తాకించేది తెల్ల మడ మాత్రమే, అది కూడా మీకు చెట్టు కచ్చితంగా తెలిస్తేనే. అదే అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, తాత్కాలికంగా చూపు పోవడం కూడా జరుగుతుంది. బస్సు దిగకముందే తిల్లను గుర్తుపట్టగలిగిన ఫారెస్ట్ గార్డుని గానీ స్థానికుణ్ణి గానీ వెంట పెట్టుకోండి. పిల్లలకు రూలు చాలా సింపుల్: ఏ ఆకూ తుంచకూడదు.

ఆ తర్వాత నేను చేయించేది కూర్చోబెట్టడం. వంతెన అంచున పదేసి మందిని కూర్చోబెట్టి, మాట్లాడకుండా, చేతులు ఊపకుండా పది నిమిషాలు. మొదట కింద ఏమీ ఉండదు, ఉత్త కన్నాలు. మనం వచ్చిన అలికిడికి పీతలన్నీ లోపలికి పోయి ఉంటాయి. రెండు మూడు నిమిషాలకు ఒక కన్నం అంచున కళ్లు లేస్తాయి. తర్వాత ఇంకొకటి. కాసేపటికి నేలంతా పీతలే. ఫిడ్లర్ పీతల్లో మగదానికి ఒక డెక్క పెద్దది, దాన్ని ఎత్తి దించుతుంది, ఆడపీతని పిలవడానికి, పక్క మగదాన్ని బెదిరించడానికి. చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, తినగలిగింది తిని, మిగిలిన మట్టిని చిన్న ఉండగా చేసి పక్కన పెడుతుంది. ఆడపీతకు రెండూ చిన్న డెక్కలే, రెండు చేతులా తింటుంది. ఈ తేడా పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి, మీరు చెప్పేయకండి. "పెద్ద డెక్క ఉన్నది తినడానికి ఎన్ని చేతులు వాడుతోంది?" అని మాత్రం అడిగి వదిలేయండి.

ఎవరో ఒకరు చేయి ఊపుతారు, అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. మిగతావాళ్లు వాణ్ణి తిడతారు. మళ్లీ మొదటి నుంచి. క్రమశిక్షణ గురించి మీరు అరవాల్సిన అవసరం తర్వాత పెద్దగా రాదు.

బురదలో గెంతే చేపలు, అదే మడ్‌స్కిప్పర్లు, నీటి అంచున దొరుకుతాయి. తడి ఆరకుండా ఉన్నంతసేపు చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీల్చుకోగలవు. అందుకే మధ్యమధ్య నీటి గుంటలోకి దిగి వస్తుంటాయి. కళ్లని లోపలికి లాక్కుని తడి చేసుకోవడం దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నత్తలు చెట్ల కాండాల మీద ఎంత ఎత్తున ఉన్నాయో చూపించండి, కొన్ని జాతులు పోటు ముందు పైకి ఎక్కి, పాటు తీశాక కిందికి దిగి మేస్తాయి.

ఇదంతా ఎవరికి లాభం అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. రాలిన ఆకుని పీతలు కన్నాల్లోకి లాక్కుపోతాయి, ముక్కలు చేస్తాయి, బాక్టీరియా, బూజు పట్టి అది కుళ్లుతుంది, ఆ కుళ్లుని చిన్న ప్రాణులు తింటాయి, వాటిని రొయ్య పిల్లలు, చేప పిల్లలు తింటాయి. సముద్రంలో పట్టే రొయ్యల్లో, చేపల్లో చాలా రకాలు చిన్నప్పుడు ఇలాంటి కాలువల్లోనే పెరుగుతాయి. వలలో పడేది ఇక్కడ ఆకు రాలితేనే అన్నది మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది.

బావురు పిల్లి, నీటికుక్క

మీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది, బోర్డుల మీద బొమ్మ దానిదే కదా. కోరింగలో బావురు పిల్లి ఉంది, చేపల కోసం నీళ్లలో దిగే పిల్లి. ప్రపంచ స్థాయిలో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ. ఎక్కువగా రాత్రి తిరుగుతుంది. పగలు వచ్చి "పిల్లి ఏదీ?" అంటే నిరాశే.

కానీ కాలువ ఒడ్డున మెత్తటి బురద మీద జాడలు దొరుకుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లి జాతి జాడలో గోళ్లు పడవు, కుక్క–నక్క జాడలో పడతాయి అని మనం పాఠంగా చెబుతాం. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, కొంచెం బయటికే ఉంటాయి. అందుకని మెత్తటి బురదలో దాని గోటి గుర్తులు కూడా పడవచ్చు. గోళ్లున్నాయి కాబట్టి నక్క అని వెంటనే తేల్చేయకండి, అడుగు ఆకారం చూడండి: పిల్లిది గుండ్రం, నక్కది కోలగా ఉంటుంది. నీటికుక్క జాడ అయితే ఐదు వేళ్లు, మధ్యలో చర్మపు పొర ఆనవాలు. దాని రెట్ట నిండా చేప పొలుసులు, పీత పెంకులు, వాసన కూడా చెప్పేస్తుంది. పిల్లలు పుల్లతో తిరగేస్తారు, ఫరవాలేదు, చేతులు పెట్టనివ్వకండి.

నీటికుక్కలు పగలు కూడా తిరుగుతాయి, గుంపుగా ఉంటాయి, అదృష్టముంటే పడవ నుంచి కనిపిస్తాయి. కనిపిస్తే బోనస్, అంతే.

పక్షుల కోసం పాటు వేళ వద్దు

ఇది చాలామందికి తెలియక పాటు బాగా తీసినప్పుడే పక్షుల దగ్గరికి కూడా వెళ్తారు. అప్పుడు బురద మేట కిలోమీటర్ల దూరం బయటపడి ఉంటుంది, పక్షులు ఎక్కడో చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కడం మొదలయ్యాక నీరు వాటిని మెల్లగా ఒడ్డుకు తోస్తుంది. ఆ గంట, గంటన్నర మీదే. అందుకే పైన రెండు చోట్లు, రెండు వేళలు అన్నాను.

కుంభాభిషేకం వైపు బురద మేటల్లో చలికాలంలో ఉల్లంకులు, కర్లూలు, ప్లోవర్లు, కొంగలు, గల్లులు కలిసి ఉంటాయి. పేర్లు బట్టీ పట్టించకండి. అరవై మందికి రెండు బైనాక్యులర్లు ఉంటే పేర్లతో పని జరగదు. ముక్కులు చూడమనండి. కర్లూ ముక్కు పొడుగ్గా, కిందికి వంగి ఉంటుంది, బురదలో లోతుగా గుచ్చుతుంది. ప్లోవర్ ముక్కు పొట్టిది, పరిగెత్తి, ఆగి, పైన కనిపించింది పొడుస్తుంది. ఒకే బురదలో ఒకరి అన్నం ఇంకొకరు తినకుండా ఎలా పంచుకున్నాయో పిల్లలు చెప్పగలిగితే చాలు.

ఇండియన్ స్కిమ్మర్ కనిపిస్తే మాత్రం అందరికీ చూపించండి. నారింజ రంగు ముక్కు, కింది భాగం పైదాని కన్నా పొడుగు. ఆ కింది ముక్కుని నీటిలో పెట్టి నీటిపైనే ఎగురుతూ చేపకు తగలగానే మూసేస్తుంది. చంబల్ లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టే పక్షి ఇది. అంతరించే ప్రమాదంలో ఉంది. చలికాలంలో కాకినాడ దగ్గర గుంపులుగా చూడగలిగే అవకాశం ఉండటం మన అదృష్టం. ఎవరూ గుంపు వైపు పరిగెత్తకూడదు. ఒక్కసారి లేచి ఎగిరితే వాటికి మేత వేళ పోతుంది, వాటి దగ్గర ఉన్నది కూడా ఆ కొద్ది గంటలే.

మొక్కలు నాటడం గురించి

మీ హెడ్‌మాస్టర్‌గారికి ఫోటో కావాలి, నాకు తెలుసు. అయినా వద్దంటున్నాను. మడ మొక్క బతకాలంటే ఆ చోటికి రోజూ ఎంత నీరు ఎక్కుతోంది, ఎంతసేపు ఉంటోంది, ఉప్పు ఎంత అన్నది సరిపోవాలి. ఖాళీగా కనిపించింది కదా అని బురద మేట మీద గుచ్చితే చాలావరకు చచ్చిపోతాయి. బతికితే ఇంకో ఇబ్బంది, పక్షులు మేసే మేట పోతుంది. ఖాళీ బురద అంటే బంజరు కాదు, ఇందాక చెప్పిన కర్లూలకు అదే పంటచేను.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాడైన మడ అడవిని తిరిగి తెచ్చిన పని 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి చేశారు. అక్కడ మొదట చేసింది మొక్కలు నాటడం కాదు, కాలువలు తవ్వడం. చెట్లు కొట్టేశాక నేల కుంగి, పోటు నీరు ఎక్కి వెనక్కి పోలేక ఎండి, ఉప్పు పేరుకుపోయింది. ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వి నీరు వచ్చిపోయేలా చేశాక మొక్క నిలబడింది. మీ పిల్లలతో నాటించడం కన్నా స్కూలు ఆవరణలో మట్టితో ఆ నమూనా కట్టించి, నీళ్లు పోసి చూపించండి. ఎక్కువ తెలుస్తుంది.

తాబేళ్ల దగ్గరికి తీసుకెళ్లమంటారు

ఆలివ్ రిడ్లే తాబేళ్లు సుమారు జనవరి నుంచి మార్చి–ఏప్రిల్ వరకు హోప్ ఐలాండ్ మీద, ఈ తీరంలో గుడ్లు పెడతాయి, రాత్రిపూట. అరవై మంది పిల్లలతో రాత్రి ఇసుకలోకి వెళ్లే ప్రసక్తే లేదు. గుడ్లు పిల్లలు కావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది, కాబట్టి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమం మార్చి, ఏప్రిల్‌లో ఉంటుంది. అటవీశాఖ వాళ్లని అడిగి పదిహేను మంది లోపు పిల్లలతో వెళ్లవచ్చు. ఫోన్ లైట్ వేయకూడదు, చేత్తో ఎత్తకూడదు, సెల్ఫీ లేదు. తాబేలు పిల్ల వెలుగు ఉన్న వైపు నడుస్తుంది, మన ఫోనే దానికి సముద్రం అనిపిస్తుంది. గూడు వేడి 29–30 డిగ్రీలు దాటితే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువ పుడతాయని చెబితే తొమ్మిదో తరగతి వాళ్లు నమ్మరు. వాదించనివ్వండి.

అదే నెలల్లో ఒడ్డున చచ్చిపడ్డ తాబేళ్లు కూడా పిల్లల కంట పడతాయి. దాచకండి. తాబేలుకి ఊపిరితిత్తులు ఉంటాయి, గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాల్ వలలో ఎక్కువసేపు చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతుంది. వలలో తాబేలు బయటపడే కిటికీ పెట్టవచ్చు, దాన్ని టెడ్ అంటారు. పెడితే కొంత చేప కూడా పోతుందని మత్స్యకారుల భయం. రెండు పక్షాలూ చెప్పండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుందని పిల్లలకు ఇంట్లోనే తెలుసు. ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో కూడా వాళ్లకే తెలుసు.

ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

దీని గురించి మీరు అడగలేదు గానీ, తప్పకుండా ఎదురవుతుంది. మీ క్లాసులో రొయ్యల చెరువుల వాళ్ల పిల్లలు ఉంటారు, చెరువులో కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు ఉంటారు. "మడ అడవి కొట్టేసి చెరువులు తవ్వారు" అని మీరు అన్న నిమిషంలో ఆ పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ తర్వాత మీరేం చెప్పినా వాడికి వినపడదు. 1996లో తీరప్రాంతంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, మడ అడవులు తీర నియంత్రణ నిబంధనల్లో అత్యంత కఠినమైన విభాగంలో ఉన్నాయి, ఇవన్నీ నిజాలు, చెప్పాల్సినవే. కానీ వాటిని ఊళ్లో వాళ్ల మీద నేరారోపణలా చెప్పకుండా, "చెరువుకి మంచినీళ్లు, మంచి సీడ్ (రొయ్య పిల్లలు) ఎక్కణ్ణుంచి రావాలి? కాలువ పాడైతే చెరువుకేంటి?" అని అడగండి. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లవాడు జబ్బులు, నీటి మార్పిడి గురించి మీకన్నా నాకన్నా బాగా చెప్తాడు. ఒక పిల్ల, నాన్న చెరువు పంపు నీళ్లు ఎక్కడికి వదులుతారో గీసి చూపించింది. నేను అడగకుండానే. ఆ బొమ్మ ముందు మన ఉపన్యాసం దండగ.

ఇంకొకటి, తుఫాన్లు. "మడ అడవి ఉంటే తుఫాను ఏమీ చేయదు" అని మాత్రం చెప్పకండి. అలల వేగాన్ని తగ్గిస్తుంది, ఒడ్డు కోతని ఆపుతుంది, ఎంత వెడల్పు అడవి ఉందన్నదాన్ని బట్టి ఉప్పెన నీటి తాకిడిని కొంత తగ్గిస్తుంది. పెద్ద ఉప్పెనని పూర్తిగా ఆపదు. 1789లో, 1839లో కోరింగ రేవు ఉప్పెనలకు దెబ్బతింది. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు అది, ఇప్పుడు ఊరు మాత్రం మిగిలింది. 1996 నవంబర్ తుఫాను గురించి ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు, అడిగి రమ్మనండి. హెచ్చరిక వింటే షెల్టర్‌కి వెళ్లాలన్న మాట, అడవి గురించి చెప్పే మాట, రెండూ ఒకే రోజు చెప్పాలి. హోప్ ఐలాండ్ అఖాతానికి అడ్డంగా పెరిగిన ఇసుక దిబ్బ అని, గోదావరి తెచ్చిన మట్టి, ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో పొడుగయిందని మ్యాపులో చూపించండి. పైన ఉప్పాడ దగ్గర ఒడ్డు కోసుకుపోతోంది, ఇక్కడ దిబ్బ పెరిగింది. రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే వచ్చే ప్రశ్నలకి పీరియడ్ చాలదు.

అరవై మందితో ఎలా

రెండు గ్రూపులు చేయండి, ముప్పై ముప్పై. ఒకరు వంతెన మీద ఉంటే రెండోవాళ్లు ఫారెస్ట్ వాళ్లతో మాట్లాడాలి. ముందే అటవీశాఖకి స్కూలు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి, పిల్లల సంఖ్య, తేదీ, పడవ కావాలా వద్దా అన్నది చెప్పండి. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, లేకపోతే పడవ వద్దు, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది. పాత షూ, లేసులు గట్టిగా కట్టినవి. ఒట్టి కాళ్లతో బురదలోకి దింపకండి, వేళ్ల మీద పట్టుకున్న ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. టోపీ, నీళ్లు, బెల్లం ఉండలో అరటిపళ్లో ఏదైనా. ప్యాకెట్లు వద్దు, వాటిని మళ్లీ ఏరే పని మీదే అవుతుంది. గవ్వ గానీ పీత గానీ ఏదీ తీసుకురాకూడదు, అభయారణ్యంలో అది చట్టవిరుద్ధం కూడా. ఆడపిల్లలకు టాయిలెట్ ఎక్కడుందో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి, చాలా ట్రిప్పులు పాడయ్యేది దీనివల్లే.

వెళ్లే ముందు క్లాసులో ఒకే ఒక పని: "అఖాతంలో ఏమేం ఉంటాయి?" అని తెల్ల కాగితం ఇచ్చి గీయమనండి. చేప, పడవ, కొబ్బరిచెట్టు, సూర్యుడు గీస్తారు. వచ్చిన వారానికి మళ్లీ గీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు తెలుస్తుంది ఏం ఎక్కిందో, ఏం ఎక్కలేదో. నేను మార్కులు దీనికే వేసేవాణ్ణి, ప్రశ్నపత్రానికి కాదు.

వచ్చాక ఇంకో చిన్న ప్రయోగం: రేవు దగ్గర ఒడ్డు నుంచి ఒక లీటరు నీళ్లు పట్టుకొచ్చి, వెడల్పాటి పళ్లెంలో ఎండబెట్టి మిగిలిన ఉప్పు తూచండి. బయట సముద్రం నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాములు ఉంటుంది. మీది తక్కువే రావాలి, గోదావరి నీరు కలుస్తుంది కాబట్టి. జూలై, ఆగస్టు వరదల్లో మళ్లీ తీసి తూచితే తేడా ఎంతో పిల్లలే చెబుతారు. ఈ రెండో తూకం మరిచిపోకండి. అసలు సంగతి అందులో ఉంది.

ఒకవేళ హెడ్‌మాస్టర్‌గారు ఫలానా శనివారమే అని పట్టుబట్టి, ఆ రోజు పోటు వేళలు అడ్డంగా వచ్చాయనుకోండి, రెండు చోట్లకీ పరిగెత్తకండి. పట్టిక చూసి, పొద్దున పాటు ఉంటే కోరింగ ఒక్కటే చేయండి, పొద్దున పోటు ఎక్కుతుంటే కుంభాభిషేకం ఒక్కటే చేయండి. రెండోది వచ్చే పౌర్ణమికి పదిహేను మందితో ఆటోల్లో వెళ్లి చూపించవచ్చు. తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఆ రోజు పోటు వేళలకి తగ్గట్టు బస్సు ఎన్నింటికి తీయాలో లెక్క వేసి చెప్తాను.